ఒక్కసారే పూసే గులాబీని పీకెయ్యకండి

గులాబీ తీగ అని మనం అంటాం గాని, నిజానికి గులాబీ తీగ కాదు. కాకర పాదును చూడండి. దానికి నులితీగలుంటాయి, పందిరి కర్ర అందితే చాలు, చుట్టేసుకుంటాయి. చిక్కుడు తన కాండాన్నే కర్రకు మెలివేస్తుంది. మిరియాల తీగ కణుపుల దగ్గర వేళ్ళు పుట్టించి చెట్టు బెరడును పట్టుకుంటుంది. గులాబీకి ఈ మూడు విద్యల్లో ఒక్కటీ రాదు. పొడవాటి కొమ్మను పక్క చెట్టు మీదికి వాల్చి, కిందికి వంగిన ముళ్ళను కొక్కేల్లా తగిలించి ఆనుకుంటుంది, అంతే. అడవిలో ఆ మాత్రం చాలు. సున్నం వేసిన గోడ మీద ముల్లు తగిలించడానికి ఏముంటుంది? అంచేత ఇంటిగోడకు గులాబీ పాకాలంటే మనిషి దాన్ని కట్టాలి.

ఇలా గోడకు కట్టి పెంచే గులాబీల్లో పాతకాలపు రకాలంటే చాలామందికి చిన్నచూపు. "ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, తక్కిన నెలలన్నీ ఉత్త ఆకులే" అంటారు. ఆ మాట పట్టుకొని వాటిని పీకేసి, ఏడాది పొడవునా పూసే కొత్త రకాలు నాటుతారు. ఒక్కసారే పూయడం ఆ మొక్కలోని లోపం కాదనీ, గోడ ఎక్కే శక్తి దానికి అక్కడినుంచే వచ్చిందనీ నా వాదన. మీరు వెంటనే ఒప్పుకోవాలని లేదు. ముందు సాక్ష్యం చూడండి.

పాతకాలపు గులాబీ అంటే ఏది? దీనికొక గీత ఉంది. 1867లో ఫ్రాన్సులో గియో అనే తోటమాలి 'లా ఫ్రాన్స్' అనే గులాబీని లోకానికి చూపించాడు. హైబ్రిడ్ టీ గులాబీలకు అదే మొదటిదని చెబుతారు. ఇవాళ పూల దుకాణంలో పొడవాటి కాడతో ఒంటరిగా నిలబడే గులాబీ ఆ వంశానిదే. 1867కు ముందే ఉన్న తరగతులకు చెందినవాటిని పాత తోట గులాబీలు అనాలని అమెరికా గులాబీ సంఘంవారు నిర్ణయించారు. ఆ పాతవాటిలోనూ యూరపు సొంత గులాబీలు దాదాపు అన్నీ ఏటా ఒక్కసారే పూసేవి. మళ్ళీమళ్ళీ పూసే గుణం 18వ శతాబ్దం చివర చైనా నుంచి ఓడల్లో అక్కడికి చేరిన మొక్కలతో వచ్చింది. 'ఓల్డ్ బ్లష్' అనే లేత గులాబిరంగు పువ్వు వాటిలో ఒకటి. దీని పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక ఒక్కసారే పూసే గులాబీ గోడ మీద ఏం చేయగలదో చూద్దాం. జర్మనీలో హిల్డెస్‌హైమ్ అనే ఊళ్ళో ఒక పెద్ద చర్చి ఉంది. దాని వెనుకవైపు గుండ్రంగా తిరిగిన రాతిగోడ మీద ఒక గులాబీ సుమారు 10 మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడ ఎత్తుకు పాకి ఉంది. అది ఏ రాజుగారి తోటనుంచో తెచ్చినది కాదు. కంచెల్లో పెరిగే అడవి గులాబీ. శాస్త్రీయ నామం రోజా కెనైనా. పువ్వుకు ఐదే రేకులు. వసంతం చివర రెండు వారాలపాటు పూసి ఊరుకుంటుంది. ఆ ఊళ్ళో బిషప్పు పీఠం వెలసింది 815లో. గులాబీ కూడా అప్పటిదేనని అక్కడివారి ఐతిహ్యం. అందుకే దాన్ని వెయ్యేళ్ళ గులాబీ అంటారు. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే తీసుకుందాం. మనక్కావలసింది ఆ తర్వాతి చరిత్ర.

1945 మార్చి 22న యుద్ధ విమానాలు ఆ ఊరి మీద బాంబులు కురిపించాయి. చర్చి కూలింది. గులాబీ కాలిపోయి శిథిలాల కింద పడింది. భూమి పైన మిగిలినదేమీ లేదు. కాని కింద వేరు బతికే ఉంది. కొద్ది వారాల్లోనే రాళ్ళ సందుల్లోంచి కొత్త చిగుళ్ళు లేచాయి. ఇవాళ గోడ మీద ఉన్నది ఆ చిగుళ్ళ సంతానమే.

మనం నర్సరీలో కొనే గులాబీకే ఈ గతి పడితే ఏమయ్యేది? అందులో చాలా భాగం అంటుమొక్కలు. పైన పువ్వు ఒక రకం, కింద వేరు మరొక రకం. మన దక్షిణాదిలో కింది మొక్కగా తరచు వాడేది ఎడ్వర్డ్ గులాబీ. పైభాగం చచ్చిపోతే వేరునుంచి లేచేది ఎడ్వర్డే గాని, మీరు డబ్బు పెట్టి కొన్న రకం కాదు. అంటు కింద లేచిన చిగురును చూసి "మా మొక్క రంగు మారిపోయింది" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మొక్క రంగు మార్చలేదు. కొన్నది పోయింది, కొననిది మిగిలింది. హిల్డెస్‌హైమ్ గులాబీ సొంత వేరు మీద ఉంది కాబట్టి తిరిగి తానుగానే లేచింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక్కసారే పూయడానికీ, అంత ఎత్తు పెరగడానికీ సంబంధమేమిటి?

కొమ్మ చివర ఉండే పెరుగుదల మొగ్గకు రెండే దారులు. ఆకులు వేస్తూ పొడవు సాగడం ఒకటి, పువ్వుగా మారడం రెండోది. పువ్వుగా మారితే ఆ కొమ్మ కథ అక్కడితో సరి. కొన అయిపోయింది గనుక అది ఇంకా పొడవు సాగదు. మళ్ళీమళ్ళీ పూసే గులాబీలో ప్రతి కొత్త కొమ్మా మూరెడు పెరిగి పువ్వుతో ముగుస్తుంది. అలాంటి మొక్క పొదగా ఉంటుంది తప్ప మేడ ఎక్కడానికి దానికి తీరికెక్కడిది? ఒక్కసారే పూసేదాని పని వేరు. వసంతపు పూత కాగానే "ఇక పూయవద్దు" అని కొమ్మ కొనలకు ఆజ్ఞ అందుతుంది. అక్కడినుంచి నెలల తరబడి పొడవు సాగడమే దాని పని.

ఆ ఆజ్ఞ ఇచ్చే జన్యువును ఫ్రాన్సు, జపాను శాస్త్రజ్ఞులు కలిసి గుర్తించి 2012లో ప్రకటించారు. పేరు కె.ఎస్.ఎన్. ఏడాది పొడవునా పూసే చైనా గులాబీల్లో ఈ జన్యువు మధ్యలో ఒక పరాయి ముక్క వచ్చి ఇరుక్కుంది. తనకు తాను నకళ్ళు తీసుకొని క్రోమోసోముల్లో మరో చోట దూరే ఇలాంటి ముక్కల్ని గెంతే జన్యువులంటారు. ఇవి ఉంటాయని మొదట మొక్కజొన్నలో కనిపెట్టి, 1983లో నోబెల్ బహుమతి అందుకున్న బార్బరా మెక్లింటాక్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ముక్క ఇరుక్కోవడంతో ఆజ్ఞ ఆగిపోయింది, మొక్క పూస్తూనే ఉండిపోయింది. అంటే నిరంతర పూత మొక్కకు కొత్తగా అబ్బిన వరమేమీ కాదు. ఒక తాళం చెడిపోయింది, తలుపు తెరిచే ఉండిపోయింది.

ఇప్పుడు ఓల్డ్ బ్లష్‌ను గుర్తు తెచ్చుకోండి. అది నిరంతరం పూసే పొట్టి పొద. దానికి పొడవుగా పాకే రూపం కూడా ఒకటి ఉంది. ఆ రూపంలో శాస్త్రజ్ఞులు ఏం చూశారంటే, ఇరుక్కున్న ముక్కలో చాలా భాగం ఊడిపోయింది. చిన్న శకలం మిగిలినా జన్యువు మళ్ళీ పనిలోకి దిగింది. దాంతో ఆ మొక్క గోడ ఎక్కింది. ఏడాదికి ఒక్కసారి పూయడమూ మొదలుపెట్టింది. రెండు మార్పులూ ఒకేసారి వచ్చాయి. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు.

మళ్ళీమళ్ళీ పూస్తూ గోడ ఎక్కేవి అసలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. ఫ్రాన్సులో 1853లో వచ్చిన 'గ్లోయిర్ ద దిజోన్' పాతకాలపుదే. గోడ ఎక్కుతుంది, పలుమార్లు పూస్తుంది కూడా. చైనా రకాలనూ పాకే రకాలనూ కలిపితే ఇలాంటి మధ్యేమార్గాలు పుట్టాయి. వాటిని వద్దనడం లేదు. కాని ఆ కలయికకు పొడవు ఎక్కడినుంచి వచ్చింది? ఒక్కసారే పూసే తాతల నుంచే కదా! తాతల్ని పీకి పారేస్తే రేపటి మనవలకు పొడవు ఎవరిస్తారు?

పాత గులాబీ అసలే పూయడం లేదని పీకేసే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇక్కడ చాలావరకు తప్పు కత్తెరది. హైబ్రిడ్ టీ గులాబీ ఈ ఏటి కొత్త కొమ్మ మీద పూస్తుంది, కాబట్టి చలికాలంలో పొట్టిగా కత్తిరించినా నష్టం లేదు. ఒక్కసారే పూసే పాత రకం, పోయినేడు సాగిన కొమ్మల మీద పూస్తుంది. దాన్ని కూడా అలాగే చలికాలంలో కత్తిరిస్తే వచ్చే వసంతపు పూత మొత్తం కత్తెరపాలే. మరుసటి ఏడూ అదే జరుగుతుంది, మూడో ఏడు గొడ్డలి వస్తుంది. ఇలాంటి మొక్కను పూత అయిపోయాకే, అదీ ముదిరి ఎండిన కొమ్మల వరకే కత్తిరించాలి.

ఇక గోడకు కట్టడం. కొమ్మను తిన్నగా పైకి కడితే పూలన్నీ చూరు దగ్గరే పూస్తాయి, కిందంతా బోసిగా ఉంటుంది. ఎందుకో మీ పాఠంలోనే ఉంది: అగ్రాధిక్యత. కొనమొగ్గ తయారుచేసే ఆక్సిన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. 1933లో థీమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు ఒక రకం చిక్కుడు మొక్కల కొనలు తుంచి, కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. కొన లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. అయితే ఆక్సిన్ ఒక్కటే కారణమని రాస్తే జవాబు పూర్తి కాదు. 2014లో బఠాణీ మొక్కల మీద జరిగిన పరిశోధనలో తేలిందేమంటే, పెరిగే కొన చక్కెరలో ఎక్కువ భాగాన్ని తానే లాగేసుకుంటుంది; కొన తుంచగానే మిగిలిన ఆ చక్కెర అందే పక్క మొగ్గలు కదులుతాయి. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి కూడా చేరాలని నా కోరిక. గులాబీ కొమ్మను అడ్డంగా వంచి కడితే కొన పెత్తనం తగ్గుతుంది. కొమ్మ పొడవునా మొగ్గలు లేచి, ఒక్కొక్కటీ చిన్న పూరెమ్మ అవుతుంది. గులాబీని గోడకు కట్టే తోటమాలులు ఆక్సిన్ పేరు పుట్టకముందే ఇలా వంచి కట్టేవారు.

"గోడ పాడవుతుంది" అనే భయం ఇంకొకటి. గోడను చీల్చేది రావి, మర్రి మొలకల వేళ్ళు. గులాబీ వేరు నేలలోనే ఉంటుంది, గోడలోకి ఏదీ దూరదు. మేకులు కొట్టి, అడుగున్నరకు ఒకటి చొప్పున అడ్డంగా ఇనప తీగలు లాగండి. తీగకూ గోడకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉంచండి. గాలి ఆడితే ఆకు తొందరగా ఆరి, నల్లమచ్చ తెగులు తక్కువగా వస్తుంది. మొక్కను గోడకు ఆనించి నాటకూడదు. చూరు కింద వాన పడదు, పునాది పక్కన మట్టి పొడిగా ఉంటుంది. అడుగున్నర ఇవతల నాటి, కొమ్మను గోడవైపు వాల్చాలి. ఇంగ్లండువారు వెచ్చదనం కోసం దక్షిణపు గోడ వెతుక్కుంటారు. మనకు వెచ్చదనం కరువా! పడమటి గోడ మధ్యాహ్నపు ఎండను మింగి రాత్రి దాకా కక్కుతుంది. నన్నడిగితే తూర్పు గోడే మేలు.

ఒక హెచ్చరిక. హిల్డెస్‌హైమ్ రకం గులాబీకి చలికాలపు గట్టి చలి కావాలి. మన కోస్తాలోనో తెలంగాణలోనో నాటి పూత కోసం ఎదురుచూడటం దండగ. మన దేశానికి తగిన తాత వేరే ఉంది. జార్జ్ వాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి 1882లో మణిపూర్ కొండల్లో కనిపించిన రోజా జైగాంటియా అది. అరచేతి వెడల్పు లేతవన్నె పువ్వు. చెట్ల మీదుగా యాభై అడుగులు దాటి పాకుతుంది. అదీ ఏటా ఒక్కసారే పూస్తుంది. ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్ దాన్ని ఇతర గులాబీలతో సంకరపరచి, వేడిని ఓర్చే పాకుడు రకాలు తయారుచేశారు. వాటిలో ఒకదాని పేరు 'గోల్డెన్ త్రెషోల్డ్'. హైదరాబాదులో సరోజినీ నాయుడి ఇంటి పేరు కూడా అదే. అడవిలోని ఆ ఒక్కసారి పూత మొక్క లేకపోతే ఈ రకాలు పుట్టేవి కావు.

మీ ఇంట్లోనో బడిలోనో పొడవు కొమ్మల గులాబీ ఏదైనా ఉంటే ఒక పరీక్ష చేయండి. ఒకే మందం, ఒకే పొడవు ఉన్న రెండు కొమ్మలు ఎంచుకొని ఒకదాన్ని నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా మెత్తటి పురికొసతో వదులుగా కట్టండి. గులాబీ లేకపోతే కాగితం పూల చెట్టు మీద చేయండి. అదీ ముళ్ళతో ఆనుకొని ఎక్కేదే. కాకపోతే దాని ముల్లు మారిన కాండం, గులాబీది కేవలం పైపొర పెరుగుదల; గోటితో పక్కకు నొక్కితే ఊడి వస్తుంది. ఆరు వారాలపాటు ప్రతి ఆదివారం రెండు కొమ్మల మీదా లేచిన మొగ్గల్ని లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. ఎన్ని లేచాయన్నదే కాక, మొదలునుంచి ఎన్ని అంగుళాల దూరంలో లేచాయో కూడా రాయండి. దూరం రాయకపోతే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.