సైకిల్ వెనుక పడకగది: బరువు తగ్గితే చాలదు

గుడారం మోసుకెళ్లే బదులు, పడుకునే చోటునే చక్రాల మీద వెంట లాక్కెళ్లాలని కొందరు సైకిల్ యాత్రికులు ముచ్చటపడతారు. అలాంటి ట్రైలర్ గురించి అందరూ ముందుగా అడిగేది ‘ఎన్ని కిలోలు?’ అనే. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ అక్కడితో ఆగిపోతే ప్రమాదం.

ఎక్కుడు దారిలో బరువు మాటే చెల్లుతుంది. ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద 40 కిలోల ట్రైలర్‌ను పైకి లాగడానికే సుమారు 20 న్యూటన్ల బలం కావాలి. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా అది 33 వాట్లు. గంటల తరబడి తొక్కే మామూలు మనిషి కాళ్లు ఇచ్చేది 100 వాట్ల దరిదాపు. అందులో మూడో వంతు ట్రైలర్‌కే పోతుంది. అల్యూమినియం గొట్టాలు, ఫోమ్ బోర్డులు వాడేది అందుకే.

చదును దారిలో లెక్క మారుతుంది. అక్కడ అడ్డుపడేది గాలి. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో డబ్బాలాంటి ట్రైలర్ వల్ల 5 న్యూటన్ల నిరోధం పెరుగుతుందనుకుంటే, అంతే వేగంతో ఎదురుగాలి వీచినప్పుడు అది నాలుగింతలై 20 న్యూటన్లకు చేరుతుంది. అంటే చదును రోడ్డే గుట్ట ఎక్కినట్టవుతుంది. ఎత్తయిన పైకప్పు రాత్రికి కావాలి గానీ పగలు అక్కర్లేదు. మడిచే కప్పు, గుండ్రని ముందు భాగం ఉంటే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

అసలు పరీక్ష దిగేటప్పుడు. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలైతే, ట్రైలర్‌తో 125. బ్రేకులు అవే అయితే ఆగడానికి దాదాపు ఒకటిన్నర రెట్లు దూరం పడుతుంది. అరకు ఘాట్ లాంటి రోడ్డు మలుపులో బ్రేకు నొక్కితే, ట్రైలర్ వెనుక నుంచి నెట్టి సైకిల్‌ను పక్కకు తిప్పేస్తుంది. ఆ నెట్టుడుతోనే ట్రైలర్ చక్రాల బ్రేకు పడేలా చేయవచ్చు. సామాను బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. తగిలించే కొక్కెం వెనుక చక్రం ఇరుసు ఎత్తులోనే ఉండాలి.

ఈ బ్రేకు ఒకటి రెండు కిలోలు పెంచినా ఆ బరువు దండగ కాదు. ట్రైలర్ తయారుచేసేవారు దాని బరువు చెప్పేముందు, నిండు సామానుతో తడి వాలు మీద అది ఎంత దూరంలో ఆగిందో చెప్పాలి.