చిన్న స్టేషను - పెద్ద ప్రశ్న

వేగంగా పోయే రైలులో కూర్చున్నవారికి పల్లెటూరి స్టేషను ఒక పేరుపలక మాత్రమే. ఆ ఊరివారికి అది ఆసుపత్రికి, కళాశాలకు, కచేరీకి పోయే దారి. ఆ దారి మూసుకుపోకుండా ఒక గ్రామం పడిన పాట్లను విద్యార్థుల దృష్టికి తేవడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

వరంగల్లు - డోర్నకల్ మార్గంలో నెక్కొండ అనే ఊరున్నది. నర్సంపేట ప్రాంతీయులకు రైలు అందేది అక్కడనే. ఈ మార్గానిది ఘనమైన చరిత్ర. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వేసిన రైలుదారి 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు సాగింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతినుండి రైల్వేను కొన్నది. 1951లో అది మధ్య రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యజమానులు మారినా పల్లెవాసి అవసరం మారలేదు.

ఆనాటి రైల్వేవారే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను కూడ ప్రారంభించారు. నేటి ఆర్.టి.సి.కి మూలం అదే. రైలు దిగినవానిని ఊరు చేర్చే బాధ్యత కూడ తమదేనని ఆనాడు తలచినట్లున్నది.

నేటి లెక్క వేరు. 2024లో నెక్కొండలో సికింద్రాబాదు - గుంటూరు ఇంటర్‌సిటీ రైలు నిలవాలంటే మూడు నెలలలో మూడు లక్షల రూపాయల ఆదాయం చూపాలన్న షరతు వచ్చినట్లు పత్రికలలో చదివాము. గ్రామస్థులు చందాలు వేసుకొని, ప్రయాణం లేకున్నా ప్రతిదినం టికెట్లు కొన్నారు. వారి ఐకమత్యం ప్రశంసనీయం. కాని ఎక్కని రైలుకు పేదలు కిరాయి చెల్లించవలసి రావడం న్యాయమా?

ఆదాయం లేనిదే రైలు నడవదనేవారి మాటను మేము త్రోసిపుచ్చము. కాని రైలు ఆగకపోతే ప్రయాణికులు రారు. ప్రయాణికులు రాకపోతే ఆదాయం తగ్గుతుంది. ఆ తగ్గుదలనే కారణంగా చూపి రైలును ఆపకపోవడం సబబు కాదు. టికెట్ల లెక్కతో పాటు ఆ స్టేషనుపై ఎన్ని గ్రామాలు ఆధారపడినవో, అక్కడికి వేరే సాధనమేదైనా ఉన్నదో లేదో కూడ చూడాలి.

మన వంతు కూడ ఉన్నది. టికెట్టు లేకుండా ప్రయాణించడాన్ని సాహసంగా చెప్పుకొనే యువకులను చూస్తున్నాము. అట్టివారు ఎగవేసిన ప్రతి పైసా తమ ఊరి స్టేషను ఖాతాలోనే తరుగుతుంది.

కిరాయి, సామాను, మజిలీ - ఉర్దూ పలుకుబడి నుండి వచ్చిన ఈ మాటలు తెలుగువారి ప్రయాణాలలో సొంత మాటలైపోయినవి. ముసాఫిర్‌ఖానా బల్లమీద ఎవరి మతమేదని, ఎవరి భాష ఏదని అడిగినవారు లేరు. అట్టి చోటును కాపాడుకోవడం మనందరి బాధ్యత. విద్యార్థి మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మీ ఊరి స్టేషనులో టికెట్టు కొని రైలెక్కండి. రైలు ఆగకపోతే ఊరివారితో కలిసి అర్జీ వ్రాయండి.