స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ - సంరక్షణ బాధ్యత

నిర్మించిన వారికి లభించే కీర్తి నిలబెట్టిన వారికి లభించదు. ఇది లోకరీతి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పేరు చెప్పగానే గోదావరి మండలంలో ప్రతి ఒక్కరికీ సర్ ఆర్థర్ కాటన్ గుర్తుకు వస్తారు. అది న్యాయమే. కాని ఆ ఆనకట్ట వద్ద మళ్లిన నీరు సామర్లకోట పరిసరాల్లోని చేలకు చేరాలంటే ఏటా వేసవిలో కాలువల పూడిక తీయాలి, గట్లు సరిచేయాలి, గుర్రపుడెక్క తొలగించాలి, లాకుల తలుపులు బాగుచేయాలి. ఈ పనులు చేసేవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా కనిపించవు. ఒక్క ఏడు వారు పని మానితే మొదట ఎండేవి శివారు భూములే. కాలువ తవ్వడం ఎంత అవసరమో దానిని కాపాడుకోవడం కూడా అంతే అవసరం. ఈ సత్యం నీటి కాలువలకే కాక, కంటికి కనిపించని సాఫ్ట్‌వేర్‌కు కూడా వర్తిస్తుంది.

ఈనాడు పాట వినాలన్నా, ప్రసంగాన్ని రికార్డు చేయాలన్నా, పాత క్యాసెట్లలోని హరికథలను భద్రపరచాలన్నా కంప్యూటరే సాధనం. ఆ కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేర్ రెండు విధాలు. ఒకటి, ఒక సంస్థ తన గుప్పిట్లో ఉంచుకొని వాడుకకు మాత్రమే అనుమతించేది. రెండవది, అందరూ వాడుకొని, పరిశీలించి, మార్చుకొని, పంచుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఈ రెండవ మార్గానికి 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆద్యులు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ దీనికి తోడైంది. లినక్స్‌ను, దానితో కలిసి పనిచేసే వేలాది ప్రోగ్రాములను ఒక్కచోట కూర్చి ప్రజలకు అందించే కూర్పులను లినక్స్ పంపిణీలు అంటారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అటువంటి పంపిణీలలో ప్రసిద్ధమైనది. ప్రధానంగా స్వచ్ఛంద సేవకుల కృషి మీదనే అది నేటికీ నడుస్తున్నది.

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ కలదనీ రెండర్థాలు ఉండడం వల్ల ఎంతో గందరగోళం ఏర్పడింది. తెలుగులో ఈ రెండు భావాలకు రెండు మాటలున్నాయి. అయినా మనం ఉచితమనే అర్థాన్నే పట్టుకున్నాం. డబ్బు ఇవ్వనక్కరలేదు కనుక దీనికి ఎవరూ శ్రమపడడం లేదని, ఎవరికీ మనం బాకీ లేమని భావిస్తున్నాం. ఈ భావన సరియైనది కాదని నిరూపించడమే ఈ వ్యాస ఉద్దేశం.

పంపిణీలో చేరే ప్రతి ప్రోగ్రామునూ ఒక ప్యాకేజీగా కట్టాలి. ఆ పని చేసే వ్యక్తిని ప్యాకేజీ సంరక్షకుడు అనవచ్చు. ప్రోగ్రామును మొదట రాసినవారిని ఈ రంగంలో ‘ఎగువ’ అనీ, దానిని స్వీకరించి అందించేవారిని ‘దిగువ’ అనీ వ్యవహరిస్తారు. కాలువల మధ్య పుట్టి పెరిగిన వారికి ఈ మాటలను వివరించనక్కరలేదు. ఎగువ నుండి కొత్త రూపం విడుదల కాగానే సంరక్షకుడు దానిని తెచ్చి పరిశీలిస్తాడు. అది వేరే ఏయే ప్యాకేజీల మీద ఆధారపడుతున్నదో చూస్తాడు. రకరకాల కంప్యూటర్ల మీద అది సరిగా తయారవుతున్నదో లేదో పరీక్షిస్తాడు. వినియోగదారులు తెలిపిన లోపాలను సరిచేస్తాడు. సరిచేసిన భాగాన్ని తిరిగి ఎగువకు పంపుతాడు. కాలువలో దిగువ నీరు ఎగువకు పారదు. ఇక్కడ మాత్రం దిగువ జరిగిన మరమ్మతు ఎగువకు చేరి, అక్కడి నుండి లోకమంతటికీ ప్రవహిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోని సొగసంతా ఇందులోనే ఉన్నది.

ధ్వనికి సంబంధించిన ప్యాకేజీల విషయంలో ఈ పని మరింత కష్టం. ధ్వని పరికరాన్ని పలికించే భాగం ఒకటి, అనేక ప్రోగ్రాముల ధ్వనులను కలిపే భాగం మరొకటి, ధ్వనిని కుదించి భద్రపరిచే కోడెక్ వేరొకటి, దానిని సవరించే ఆడాసిటీ వంటి ప్రోగ్రాము ఇంకొకటి. వీటిలో ఏ ఒక్కటి మారినా మిగిలినవన్నీ సర్దుకోవాలి. 2021లో ఫెడోరా పంపిణీ ధ్వనులను కలిపే పాత వ్యవస్థ స్థానంలో పైప్‌వైర్ అనే కొత్త వ్యవస్థను ప్రవేశపెట్టింది. అటువంటి మార్పు వచ్చినప్పుడు ధ్వనితో పనిచేసే ప్రోగ్రాములన్నింటినీ సంరక్షకులు మళ్లీ పరీక్షించుకోవలసి వస్తుంది. మనకు మాత్రం పాట ఎప్పటిలాగే వినిపిస్తుంది. వారి పని సక్రమంగా జరిగిందనడానికి మనం దానిని గమనించకపోవడమే నిదర్శనం.

సాంకేతిక శ్రమ కంటే ఓర్పును ఎక్కువగా పరీక్షించేది లైసెన్సుల పరిశీలన. లైసెన్సు అంటే రచయిత ఇచ్చే అనుమతి పత్రం. ఒక ధ్వని ప్రోగ్రాములో ముఖ్యభాగానికి ఒక లైసెన్సు, అది వాడుకునే గ్రంథాలయాలకు మరొకటి, దానితో వచ్చే మృదంగ ధ్వనుల వంటి నమూనాలకు వేరొకటి ఉండవచ్చు. 1997లో డెబియన్ తన మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. వాటి ప్రకారం పునఃపంపిణీకి, మార్పులకు అనుమతి ఉండాలి. ఏ వ్యక్తి పట్ల గాని, ఏ రంగం పట్ల గాని వివక్ష ఉండరాదు. అందువల్ల వ్యాపారానికి వాడరాదనే నిబంధన గల ధ్వని నమూనాలు ఎంత మధురంగా ఉన్నా ప్రధాన విభాగంలో చేరవు. సంరక్షకుడు ప్యాకేజీలోని భాగాల హక్కులను వివరిస్తూ ఒక పత్రం రాయాలి. కొత్త ప్యాకేజీ అయితే వేరే బృందం దానిని మళ్లీ తనిఖీ చేసిన తరువాతనే లోపలికి అనుమతిస్తుంది.

ఇంత నిష్ఠ ఎందుకని కొందరు విసుగుపడతారు. ఫ్రౌన్‌హోఫర్ సంస్థ విడుదల చేసిన ఏఏసీ కోడెక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని మూలసంకేతం అందరూ చదవవచ్చు. కాని లైసెన్సులోని నిబంధనల కారణంగా డెబియన్ దానిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అంగీకరించక వేరు విభాగంలో ఉంచింది. ఫెడోరా అందులోని కొన్ని భాగాలను తొలగించి, మిగిలినదానినే తీసుకున్నది. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు. చూడగలిగినదంతా పంచుకోదగినది కాదని గ్రహించడం ఈ రంగంలో మొదటి పాఠం.

ఎంపీత్రీ చరిత్ర ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. పాటల ప్రపంచాన్ని మార్చివేసిన ఈ కోడెక్ మీద ఫ్రౌన్‌హోఫర్ మొదలైన సంస్థలకు పేటెంట్లుండేవి. ప్రోగ్రామును ఎవరు సొంతంగా రాసినా, ఆ పద్ధతిని వాడినందుకు రుసుము చెల్లించవలసిన పరిస్థితి అమెరికా వంటి దేశాలలో ఏర్పడింది. ఉచితంగా పంచే ప్రతికి రుసుము ఎవరు చెల్లిస్తారు? 2002లో రెడ్ హ్యాట్ సంస్థ తన లినక్స్ నుండి ఎంపీత్రీని తొలగించింది. వినియోగదారులు నిరాశ చెందారు. కాని ఆ అడ్డంకి మరొక సృష్టికి దారి చూపింది. అదే సంవత్సరం జూలైలో క్సిఫ్ సంస్థ వోర్బిస్ అనే కోడెక్ తొలి పూర్తి రూపాన్ని విడుదల చేసింది. దానికి ఎవరి అనుమతీ, ఎవరి రుసుమూ అవసరం లేదు. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ కూడా ఆ మార్గంలో పుట్టినదే. ఎంపీత్రీ లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది. ఫెడోరా 2016 చివరలో వినడానికి, 2017లో తయారుచేయడానికి దానిని అనుమతించింది. అంతవరకు ఓపిక పట్టిన సంరక్షకులు చట్టాన్ని ఉల్లంఘించలేదు, ఆశయాన్నీ వదులుకోలేదు.

ఈ విషయంలో మన దేశం అనుసరించిన మార్గం చెప్పుకోదగినది. భారత పేటెంట్ చట్టంలోని 3(కె) నిబంధన కంప్యూటర్ ప్రోగ్రామును కేవలం ప్రోగ్రాముగా పేటెంటు పొందదగిన ఆవిష్కరణగా గుర్తించదు. 2004 డిసెంబరులో వెలువడిన ఆర్డినెన్సు ఈ నిబంధనను సడలించబోయింది. కాని 2005లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఆ సడలింపును విడిచిపెట్టింది. మన విద్యార్థులు స్వేచ్ఛగా ప్రోగ్రాములు రాసుకోగలగడానికి ఈ నిర్ణయం కొంత రక్షణ కల్పించింది. చట్టాలు కేవలం న్యాయవాదులకే సంబంధించినవని అనుకునే యువతరం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సంరక్షణ కొరవడితే కలిగే నష్టం పాట ఆగిపోవడంతో ముగియదు. 2018 మార్చిలో వోర్బిస్ గ్రంథాలయంలో ఒక లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన ధ్వని సమాచారం ద్వారా బ్రౌజరులోకి చొరబడవచ్చని ఒక పోటీలో నిరూపితమైంది. వెనువెంటనే ఫైర్‌ఫాక్స్ బృందం, పంపిణీల సంరక్షకులు ఆ లోపాన్ని సరిచేశారు. 2024 మార్చిలో ఇంకా పెద్ద ప్రమాదం తృటిలో తప్పింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ భారాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే మోశారు. అలసిపోయిన ఆ సంరక్షకునికి సాయం చేస్తానని చేరిన ఒక అజ్ఞాత వ్యక్తి నమ్మకం సంపాదించుకొని, చివరకు అందులో దొంగదారిని అమర్చాడు. ఒక ఇంజనీరు తన కంప్యూటరు కొద్దిపాటి ఆలస్యంగా స్పందించడం గమనించి ఆరా తీయడంతో ఆ కుట్ర వెల్లడైంది. లోకమంతా వాడుకునే వస్తువును ఒక్కరి భుజాల మీద వదిలివేయడం ఎంత ప్రమాదకరమో ఈ ఘటన చాటుతున్నది.

ఇక మన సంగతికి వద్దాం. ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ అనే భారతీయ లినక్స్‌కు డెబియన్ ఆధారం. తెలుగుతో పాటు అనేక భారతీయ భాషలకు అందులో చోటున్నది. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ కంప్యూటరును తెలుగులో మాట్లాడించేందుకు కృషి చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిస్తూ విధానాన్ని ప్రకటించింది. ఇవన్నీ హర్షణీయాలు. అయితే వాడుకునేవారితో పోలిస్తే కాపాడేవారు మనలో బహుతక్కువ. నీరు వాడుకొని పూడికతీతకు రాని రైతును ఊరు ఏమంటుందో మనకు తెలుసు.

మరొకవైపు, వెల చెల్లించవలసిన సాఫ్ట్‌వేర్‌ను తాళం పగులగొట్టి వాడే అలవాటు ఊరూరా పాతుకుపోయింది. దానిని తప్పుగా ఎవరూ భావించడం లేదు. చౌర్యపు ప్రతి అని తెలిసి వాడడం కాపీరైట్ చట్టంలోని 63బి నిబంధన ప్రకారం శిక్షార్హం. శిక్ష మాట అటుంచి, నష్టం మనదే. గోదావరి సీమలో ఊడ్పుల వేళ స్త్రీలు పాడే పాటలు, బుర్రకథలు, హరికథలు వృద్ధుల కంఠాలలో మాత్రమే మిగిలి ఉన్నవి ఎన్నో. వాటిని ఒక సంస్థ రహస్యంగా ఉంచుకున్న రూపంలో భద్రపరిస్తే, ఆ సంస్థ మూతపడిన నాడు ఆ కంఠాలు మళ్లీ మూగబోతాయి. ఫ్లాక్ వంటి బహిరంగ రూపంలో భద్రపరిస్తే, దాని నిర్మాణం అందరికీ తెలుసు కనుక యాభై ఏళ్ల తరువాత కూడా వినే మార్గం ఎవరైనా కల్పించగలరు. లైసెన్సుల చర్చ చివరకు మన సంస్కృతి మనుగడకు సంబంధించిన చర్చ అవుతున్నది.

దీనికి కొన్ని ఆక్షేపణలున్నాయి. జీతం రాని పని ఎందుకు చేయాలని కొందరు అడుగుతారు. సాధారణ వినియోగదారునికి పాట మోగితే చాలు కదా అని మరికొందరు అంటారు. స్వేచ్ఛా ధ్వని ప్రోగ్రాములు కొన్ని చోట్ల వాడడానికి కష్టంగా ఉంటాయన్నది కూడా కాదనలేము. మొదటి ప్రశ్న న్యాయమైనది. స్వచ్ఛంద సేవ పేరుతో శ్రమను దోచుకోవడం తగదు. ఈ ప్యాకేజీల మీద ఆధారపడి లాభాలు గడించే సంస్థలు, పొదుపు చేసే ప్రభుత్వాలు సంరక్షకులకు వేతనాలివ్వాలి. రెండవ ప్రశ్నకు సమాధానం కాలువే చెబుతుంది. కొళాయి తిప్పినవానికి నీరు వస్తే చాలు, కాని ఊరిలో కొందరికైనా కాలువ గురించి తెలియాలి. ఇక మూడవది ఆక్షేపణ కంటే ఆహ్వానమనడం సమంజసం. లోపం కనిపించిన చోట సరిచేసే హక్కు మనకున్నది.

కాబట్టి చేయవలసినది స్పష్టం. సామర్లకోటకు సమీపంలోని కాకినాడ మొదలుకొని ప్రతి పట్టణంలోని ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కళాశాలలు కొన్ని ధ్వని ప్యాకేజీలను దత్తత తీసుకోవాలి. ఎవరూ చదవని ప్రాజెక్టు నివేదికలకు బదులు, ఒక నిజమైన లోపాన్ని సరిచేసి ఎగువకు పంపిన విద్యార్థికి మార్కులివ్వాలి. సాఫ్ట్‌వేర్ రాయలేనివారు నిరాశ చెందనవసరం లేదు. లోపాన్ని స్పష్టంగా వివరిస్తూ తెలియజేయడం, ఆదేశాలను తెలుగులోకి అనువదించడం, లైసెన్సు పత్రాలను శ్రద్ధగా చదవడం కూడా సంరక్షణలో భాగాలే. చివరి పనికి భాష తెలిసినవారే ఎక్కువ అవసరం.

2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక మహాసభ కేరళలోని కొచ్చిలో జరిగింది. ప్రపంచం నలుమూలల నుండి సంరక్షకులు మన దేశానికి వచ్చి వెళ్లారు. ఈ ఉద్యమం మనకు దూరదేశపు విషయం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. తరతరాలుగా పంచుకున్న నీటితో పచ్చబడిన నేల మనది. వంతు నీరు ఎంత హక్కో, వంతు పని అంత ధర్మమని మన పల్లెలు ఏనాడో నేర్చుకున్నాయి. యువతీయువకులు ఆ ధర్మాన్ని ఈ కొత్త కాలువకు కూడా వర్తింపజేయాలి. వారి వంతు పని వారి కోసం ఎదురు చూస్తున్నది.