చూచివచ్చినవారి చేవ్రాతలు



గొప్పవారిని గూర్చి పండితులు వ్రాసిన గ్రంథములకు కొదువ లేదు. సామాన్యులు తాము కన్నులార చూచినదానిని తమ చేతులతో వ్రాసిపెట్టిన కాగితములు మాత్రము మిక్కిలి యరుదు. అట్టి కాగితములు విస్తారముగా మిగిలియున్న పురుషు డొకడు కలడు. అతడు అమెరికా సంయుక్త రాష్ట్రముల యధ్యక్షుడు అబ్రహాం లింకన్. 1861 మొదలు 1865 వరకు నా దేశమున నుత్తరమువారికిని దక్షిణమువారికిని జరిగిన యంతర్యుద్ధకాలమున రాజ్యభారము వహించినవా డతడే. ఆతనిని చూచివచ్చిన స్త్రీల మాటలు కొన్ని యీ నెల మీ ముందుంచుచున్నాను.

అంత యుద్ధము నడుచుచున్నను అధ్యక్షుని దర్శనమునకు సామాన్యులకు తలుపు తెరచియే యుండెను. నియమించిన వేళలయందు ఎవరైనను వైట్ హౌసు మేడమెట్లెక్కి, తమ వంతు వచ్చువరకు వేచి, తమ మొర వినిపించుకొనవచ్చును. కొలువు గోరువారు, కొడుకునకు మరణశిక్ష తప్పింపుడని వేడుకొను తల్లులు, భర్తకు సెలవు నడుగవచ్చిన యిల్లాండ్రు, అందరు నా మెట్లమీదనే. కాలము వ్యర్థమగుచున్నదని కార్యదర్శులు విసుగుకొనుచుండిరి. లింకన్ మాత్ర మిది తనకు ప్రజాభిప్రాయమందు చేయు స్నానమని చెప్పెడివాడు. అది సుఖస్నానమని మనము తలపరాదు.

అటుల వచ్చినవారిలో కొంద రింటికి పోయినవెంటనే బంధువులకు జాబు వ్రాసిరి. కొందరు ముప్పది యేండ్లకు పిమ్మట ఎవరో యడుగగా జ్ఞప్తి తెచ్చుకొని వ్రాసిరి. ఈ రెంటికిని భేదము కలదు. జ్ఞాపకము జాడీలోని యూరగాయ వంటిది. నిలువయున్నకొలది రుచి మారును. కావున నిట్టి కాగితము చేతికి వచ్చినపుడు, ఇది యెవరి వ్రాత, ఎన్నడు వ్రాసినది యని మొట్టమొదట విచారింపవలెను.

1865 ఏప్రిలు 14వ తేదీ రాత్రి లింకన్ నాటకశాలలో తుపాకిగుండు తగిలి, మరునా డుదయమున మరణించెను. అతనితో కలిసి న్యాయవాదవృత్తి చేసిన విలియం హెర్న్‌డన్, పాత పరిచితులు బ్రదికియుండగనే వారి మాటలు సేకరింపవలెనని పూనుకొని, ఊరూర జాబులు వ్రాసెను. తానే పోయి విని వ్రాసికొనెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన నతడు లింకన్ సవతితల్లి సారా బుష్ లింకన్ యింటికి పోయెను. సవతితల్లి యనగానే మన కథలలోని గయ్యాళి మనకు తోచును. ఈమె యట్టిది కాదు. కాగితము దొరకనినాడు పిల్లవాడు చెక్కపలకలపై వ్రాసి, కాగితము దొరకినపుడు దానికెక్కించెడివాడని యామె చెప్పెను. తన కన్నకొడుకును మంచివాడే కాని, అబ్రహాం వంటి బిడ్డను తా నెన్నడు చూడలేదనియు చెప్పెను. 1861 జనవరి చివర రాజధానికి పోవుటకు ముం దతడు వచ్చి యామెను చూచిపోయెను. అతడు అధ్యక్షుడగుట యామె కిష్టము లేకుండెను. ఏదో కీడు మూడుననియు, మరల కంట చూడననియు నామె మన సప్పుడే శంకించెనట. ఈ మాటలన్నియు మనకు హెర్న్‌డన్ కలముగుండ వచ్చినవే. అతడు కూర్చిన యుత్తరములును సంభాషణలును ఒక్కచో నచ్చుపడుటకు 1998 వరకు పట్టినది.

నాకు వీనిలో మిక్కిలి నచ్చినది కార్డీలియా హార్వే వృత్తాంతము. ఈమె భర్త విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నరు. 1862 ఏప్రిలులో షైలో యుద్ధమున గాయపడినవారిని పరామర్శింప బోయి, యొక పడవనుండి మరియొక పడవకు దాటుచు, కాలు జారి నదిలో మునిగి మరణించెను. ఆమె యింట కూర్చుండి యేడ్చుచుండక, భర్త చేయబోయిన పనిని తానే చేపట్టి, మిసిసిపీ నదీతీరముననున్న సైనిక వైద్యశాలలన్నియు తిరిగెను. అచ్చటి వేడికిని చెడుగాలికిని గాయములకన్న జ్వరములు, గ్రహణి యెక్కువమందిని పొట్టనిడుకొనుచుండెను. తానును జబ్బుపడి స్వదేశమునకు పోయి, యా చలువగాలికి కోలుకొనెను. రోగులను వారి చల్లని యుత్తరదేశమునకే పంపి చికిత్స చేయించిన బ్రదుకుదురుగదా యని యామెకు తోచెను. ఆ మాట చెప్పుటకు 1863 సెప్టెంబరులో నధ్యక్షుని యొద్దకు పోయెను.

ఆమె చూచినది చిత్రపటములలోని మహాపురుషుని కాదు. పొడుగాటి మనిషి కుర్చీలో ముడుచుకొని కూర్చుండియుండెను. మొదట ప్రసన్నముగా మాటలాడలేదు. ఇంటిదగ్గరకు పంపినచో భటులు మరల సైన్యమునకు రారనియు, అది వైద్యాధికారులు తేల్చవలసిన పని యనియు నతని వాదము. ఆమె విడువలేదు. చచ్చినవాడును మరల యుద్ధమునకు రాడుగదా, బ్రదికినవాడు కృతజ్ఞతతో వచ్చును, అని యామె వాదము. యుద్ధమంత్రి యొద్దకు పొమ్మనగా పోయి వచ్చెను. మరల పోయెను. అతడు విసుగుకొనిన విసుగును, ముఖముమీది యలసటను, చివర కరగిన మనస్సును, ఒకటియు దాచక చెప్పినది. దేవతలను చేయుటకు వ్రాయువారు విసుగును మొదట కొట్టివేయుదురు. అది యుంచినందుననే యీమె మాట నాకు నమ్మదగినదిగా నున్నది.

తుద కనుమతి లభించెను. ఆ వైద్యశాలకు నామె పేరే పెట్టవలెనని లింకన్ తలచెను. ఆమె తన భర్త పేరు పెట్టుడని కోరెను. 1863 అక్టోబరులో విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో హార్వే వైద్యశాల తెరవబడెను. యుద్ధానంతరమున నా యిల్లే, ఆమె ప్రయత్నముననే, మృతభటుల బిడ్డలకు అనాథశరణాలయమైనది.

ఇక వ్రాయనేర్వని స్త్రీ సంగతి వినుడు. సోజర్నర్ ట్రూత్ దాస్యమున బుట్టి, దాస్యమునుండి బయటపడి, ఊరూర తిరిగి దాస్యమునకు వ్యతిరేకముగా నుపన్యసించిన నల్లజాతి స్త్రీ. 1864 అక్టోబరు 29వ తేదీన నామె లింకన్‌ను చూచెను. నవంబరులో నామె చెప్పగా నొకరు వ్రాసిన యుత్తరము నిలిచియున్నది. మీరు అధ్యక్షపదవికి నిలువకముందు మీ పే రెన్నడు వినలేదని యామె యనగా, నీ పేరు నేను పలుమారులు వింటినని యతడు చెప్పెనట. బాల్టిమోరులోని నల్లజాతివారు బహూకరించిన బైబిలును చూపెనట. ఎవ్వరును తన్నింత యాదరింపలేదని యా యుత్తరమున నున్నది. అయితే నా దిన మామె వెంట పోయిన లూసీ కోల్మన్ 1891లో ప్రకటించిన స్మృతులలో, అధ్యక్షుని తీరు అంత ఆదరముగా లేదనియు, చాకలిదానిని పిలిచినట్లు 'ఆంటీ' యని పిలిచెననియు వ్రాసెను. ఆమె పుస్తకమున లింకన్ చేసిన సంతకముపైనను నా మాటయే కలదు. మన పల్లెలలో వరుస పెట్టి పిలుచుట యాదరము. అచ్చటనో, నల్లజాతి స్త్రీకి 'మిసెస్' అను గౌరవపదము నియ్యనొల్లక తెల్లవారు వాడిన పిలుపది. ఇరువురిలో నెవరిది నిజము? ఆ గదిలో నిరువురును నిలిచియుండిరి. ఒకతె దయను చూచెను, వేరొకతె పిలుపును వినెను. తా నేమి యనుకొనెనో ట్రూత్ స్వయముగా వ్రాయగలిగినయెడల తెలిసియుండును. వ్రాసిపెట్టినవారు తమ యిచ్చవచ్చినట్లు తీర్చి దిద్దిరేమో యను ననుమానము నన్ను వదలలేదు.

వ్రాతవచ్చినవారికైనను వ్రాయుట సులభము కాలేదు. అధ్యక్షుని భార్యకు దుస్తులు కుట్టిన ఎలిజబెత్ కెక్లీ, 1200 డాలర్లిచ్చి తన్నును తన కొడుకును దాస్యమునుండి విడిపించుకొనిన స్త్రీ. 1862లో లింకన్ కొడుకు విల్లీ మరణించినపుడు తండ్రి యేడ్చుట కన్నులార చూచెను. ఆమె కన్నకొడుకు అంతకు ముందటి యేటనే యుద్ధమున కూలియుండెను. ఆమె 1868లో ప్రకటించిన గ్రంథమును జూచి, యింటిగుట్టు వెల్లడించెనని లోకులు తిట్టిపోసిరి. నేడు లింకన్ చరిత్ర వ్రాయు ప్రతివాడును నా గ్రంథమును తెరువకమానడు.

న్యూయార్కు రాష్ట్రమున గ్రేస్ బెడెల్ అను పదునొకండేండ్ల బాలిక 1860లో లింకన్‌కు, గడ్డము పెంచుకొనుడు, ముఖము బాగుండునని జాబు వ్రాసిన కథ మీరు వినియుందురు. అతడు బదులు వ్రాసెను, గడ్డమును పెంచెను, 1861 ఫిబ్రవరి 16వ తేదీన నామె యూరి స్టేషనులో రైలు దిగి యామెను పలుకరించెను. అంతతో కథ ముగించుట వాడుక. 1864 జనవరిలో నామె మరియొక జాబు వ్రాసినది. తండ్రి యాస్తి దాదాపుగా పోయినదనియు, ఖజానా కార్యాలయమున నాడపిల్లలను కొలువున జేర్చుకొనుచున్నారని వింటిననియు, తనకొక కొలు విప్పింపుడనియు వేడుకొనెను. పురుషులు యుద్ధమునకు పోగా, నోట్ల యంచులు కత్తిరించుటకు నా కార్యాలయమున స్త్రీలను పెట్టుకొనిన కాలమది. ఇదివరకే యొక జాబు వ్రాసితిననియు, అది తమ చేతికి చేరలేదని తలచితిననియు నందులో వ్రాసినది. ఆ కాగితము ఖజానా దస్త్రములలో నుండిపోయి, 2007లో బయటపడినది. గ్రేస్ తరువాత వివాహమాడి, కాన్సాస్ రాష్ట్రమునకు పోయి, అక్కడనే 1936లో మరణించెను.