గీతవారి దుకాణము



అమెరికా దేశమున ఇల్లినాయిస్ రాష్ట్రము 2020 జనవరి 1వ తేదీ నుండి వయసు వచ్చినవారికి గంజాయి విక్రయించుట కనుమతించెను. ఆ దేశమున తెల్లవారును నల్లవారును ఇంచుమించు సమముగనే దానిని వాడుచుండినను, 2018లో జనాభాను బట్టి చూడగా నల్లవారు మూడున్నర రెట్లకు పైగా అధికముగ నిర్బంధింపబడిరి. కావుననే ఇల్లినాయిస్ క్రొత్త లైసెన్సుల నొసగునపుడు, శిక్షలకు మిక్కిలి గురియైన ప్రాంతములవారికి మొగ్గు చూపవలెనని నియమించెను. అయినను చిన్న యూర నట్టి దుకాణము తెరచిన నల్లవానికి అప్పిచ్చు బ్యాంకు అరుదు. నిన్న నేరస్థుడన్న నోటితోనే నేడు వర్తకుడనుట ఊరివారికిని సులభము గాదు.

ఈ ముచ్చట మనకేల యందురా? దివిసీమ తాటితోపులను తలచుకొనుడు. మోకు బిగించి, కత్తి దాల్చి, ప్రాణములకు తెగించి చెట్టెక్కువారు గీతకులములవారు. దొరల కాలమున ఆబ్కారి వేలములో దుకాణము పాడుకొన్నవాడు ధనికుడు, చెట్టెక్కినవాడు కూలివాడు. 1937లో సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతట వ్యాపింపగా, బందరు, గుడివాడ, దివి ప్రాంతములును అందు చేరెను. తాతలనాటి వృత్తియే నేరమయ్యెను.

2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వము 3,396 మద్యపు దుకాణములను చీట్లు తీసి ప్రైవేటువారి కొసగెను. దరఖాస్తు రుసుమే 2 లక్షల రూపాయలు. చీటి రాకున్నను అది తిరిగిరాదు. గీతకులములకు నూటికి పదివంతున మరి 340 దుకాణములు ప్రత్యేకింపబడెను.

మద్యమును నేను మెచ్చను. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడి మన జాతికి వన్నె తెచ్చిరి. దుకాణములు మూయవలెనందుమా, అందరివియు మూయింతము. తెరచియున్నంత కాలము మాత్రము రెండు చూపులు తగవు. పెద్దింటి కంట్రాక్టరు భార్యకు పేరంటమున ముందు పీట వేసి, గీతవారి ఇల్లాలిని పిలుచుటకే సంకోచించుట ఏ ధర్మము? ఇరువురి దుకాణములందును అమ్ముడుపోవు సరకొక్కటియే గదా!

గీతకులపు సోదరీమణులకును ఒక్క మనవి. లైసెన్సు మీ పేరనుండి, పెట్టుబడియు లాభమును పరులవైనచో, అది వెనుకటి వేలపాటయే. చదువక వ్రాలు చేయకుడు. లెక్కల పుస్తకము మీ చేతనే యుంచుకొనుడు.