కరివేపాకు ఆటగాళ్ళు

మొన్నామధ్య ఆఫీసులో ఒక రెజ్యూమె మీద చిన్న గొడవ జరిగింది. పదకొండేళ్ళ అనుభవం, ఏడు కంపెనీలు. నా పక్కన కూర్చున్న సహోద్యోగి రెండో పేజీ కూడా తిప్పకుండా "వీడు నిలకడగా ఉండే రకం కాదండీ, కాలికి బలపం కట్టుకు తిరుగుతున్నాడు" అని పక్కన పెట్టేశాడు. ఆ మాట నాకెందుకో గుచ్చుకుంది. రెండేళ్ళ క్రితం ఇలాంటి రెజ్యూమెనే నేనూ సరిగ్గా ఇదే మాట అని పక్కన పెట్టాను. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక, అలవాటు ప్రకారం, ఎన్‌బీఏ పాత ఆటలు చూస్తూ కూర్చున్నాను. జోర్డాన్, కోబీ, లెబ్రాన్ల గురించి మనలో అందరికీ తెలుసు. కానీ ఆ లీగ్‌లో ఇంకో జాతి ఉంది. వాళ్ళని 'జర్నీమేన్' అంటారు. ఊరూరూ, జట్టు జట్టూ తిరిగేవాళ్ళు. ఈ మాట విని 'జర్నీ'కి సంబంధించింది అనుకుంటాం గానీ, అసలు సంగతి అది కాదు. ఫ్రెంచిలో రోజు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. పని నేర్చుకోవడం పూర్తయింది, సొంత దుకాణం మాత్రం లేదు, రోజు కూలికి పనిచేసే పనివాడు అని అర్థం. అంటే పని రానివాడు కాదు. పని వచ్చినవాడే, గడప మాత్రం తనది కాదు, అంతే.

మన భాషలో దీనికి ఇంతకన్నా మంచి మాట ఉంది. కూరలో కరివేపాకు. రుచికి కావాలి, తినేటప్పుడు ఏరి పక్కన పెట్టాలి.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. జట్లు మారినవాళ్ళంతా జర్నీమేన్ కాదు. లెబ్రాన్ 2010లో మయామీ వెళ్ళాడు, 2014లో క్లీవ్‌లాండ్ తిరిగొచ్చాడు, 2018లో లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. మూడుసార్లూ నిర్ణయం ఆయనది. జర్నీమేన్ సంగతి వేరు. అక్కడ నిర్ణయం జట్టుది. ఎన్‌బీఏలో ఆటగాడిని ట్రేడ్ చేస్తే అతని కాంట్రాక్టు మొత్తం కొత్త జట్టుకి బదిలీ అయిపోతుంది. "నీకు ఇష్టమేనా?" అని సాధారణంగా ఎవరూ అడగరు. వద్దు అనే హక్కు కాంట్రాక్టులో రాయించుకోవాలంటే లీగ్‌లో ఎనిమిదేళ్ళు, అదే జట్టులో నాలుగేళ్ళు ఆడి ఉండాలి. ఆ యోగం ఉన్నవాళ్ళు అతి కొద్దిమంది. ఇక అన్నిటికన్నా కింది మెట్టు పది రోజుల కాంట్రాక్టు. ఇంచుమించు పది రోజులే. ఒక జట్టు ఒక సీజన్లో ఒకే ఆటగాడికి అలాంటివి రెండు మాత్రమే ఇవ్వగలదు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా పంపేయాలి. మన కాంట్రాక్టు ఉద్యోగాలు చాలా నయం అనిపించడం లేదూ? మనకి కనీసం నెల నోటీసు ఇస్తారు :)

సరే, విషయానికొస్తే, ఈ జాతిలో గొప్పవాళ్ళెవరు?

లెక్క ప్రకారం చూస్తే ఇష్ స్మిత్. 2010లో ఇతన్ని డ్రాఫ్టులో ఒక్క జట్టూ తీసుకోలేదు. ఆ తర్వాత 14 సీజన్లలో 13 జట్లకి ఆడాడు. లీగ్‌లో ఉన్నవే 30 జట్లు! ఇదే ఎన్‌బీఏ రికార్డు. ఇతని కథలో నాకు బాగా నచ్చే భాగం ఫిలడెల్ఫియాది. ఆ జట్టు అప్పట్లో కావాలని ఓడిపోతూ, డ్రాఫ్టులో మంచి కుర్రాళ్ళని పోగేసుకునే పనిలో ఉంది. 2015 వేసవిలో ఇష్ స్మిత్‌ని వదిలేసింది. డిసెంబరు వచ్చేసరికి ఆ జట్టు లెక్క ఒక గెలుపు, ముప్ఫై ఓటములు. కుర్రాళ్ళకి బంతి సరిగ్గా అందించేవాడే లేడు. అప్పుడు ఏం చేసిందో తెలుసా? ఊరికే వదులుకున్న మనిషిని రెండు రెండో రౌండు డ్రాఫ్టు హక్కులు చెల్లించి మళ్ళీ తెచ్చుకుంది. ఆ సీజన్ 10 గెలుపులతో ముగిసింది. గొప్పేం కాదు నిజమే, కానీ ఆ పదిలో తొమ్మిది అతను వచ్చాకే. 2023లో డెన్వర్ ఛాంపియన్ అయినప్పుడు ఇతనూ ఆ జట్టులో ఉన్నాడు. ఆడింది చాలా కొద్ది నిమిషాలే అనుకోండి, ఉంగరం మాత్రం అందరితోపాటు వచ్చింది.

ఇతనికి ముందు 12 జట్ల రికార్డు నలుగురి పేరిట ఉండేది. ఆ నలుగురి కథలూ నాలుగు రకాలు.

చకీ బ్రౌన్: 1995లో సీజన్ మధ్యలో చిన్న లీగ్ నుంచి వచ్చి హ్యూస్టన్‌తో ఛాంపియన్ అయ్యాడు. టోనీ మాసెన్‌బర్గ్: 1990లో శాన్ ఆంటోనియో డ్రాఫ్టు చేసింది. ఊళ్ళన్నీ తిరిగి తిరిగి చివరి సీజన్‌కి మళ్ళీ శాన్ ఆంటోనియోకే వచ్చి 2005లో ఛాంపియన్‌గా ముగించాడు. జిమ్ జాక్సన్: 1992 డ్రాఫ్టులో నాలుగోవాడు, 1994-95లో డాలస్‌కి ఆటకి 25.7 పాయింట్లు కొడుతుండగా చీలమండ గాయం. ఆ తర్వాత పెట్టే బేడా సర్దుకోవడమే జీవితమైపోయింది.

జో స్మిత్‌ది మరీ విడ్డూరం. 1995 డ్రాఫ్టులో మొట్టమొదటివాడు. తర్వాత మినెసోటా జట్టు, ముందు తక్కువ జీతానికి ఆడు, తర్వాత పెద్ద కాంట్రాక్టు ఇస్తాం అని రహస్య ఒప్పందం రాసుకుంది. 2000లో బయటపడింది. లీగ్ ఆ జట్టుకి 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, ఐదు మొదటి రౌండు డ్రాఫ్టు హక్కులు లాగేసుకుంది (తర్వాత కొంత తగ్గించారు). జో స్మిత్ కాంట్రాక్టు రద్దయిపోయింది. "ఇప్పుడు తక్కువకి చెయ్యి, వచ్చే అప్రైజల్లో చూసుకుందాం" అనే మాట మనకి కొత్త కాదు కదా!

ఇక్కడ మోజెస్ మలోన్ పేరు తేకపోతే తెలిసినవాళ్ళు ఊరుకోరు. 1974లో హైస్కూలు నుంచి నేరుగా ఏబీఏలో చేరాడు. 1976లో ఆ లీగ్ మూతపడితే పోర్ట్‌లాండ్ తీసుకుని బఫలోకి ఇచ్చేసింది. బఫలో రెండు ఆటలు ఆడించి హ్యూస్టన్‌కి పంపేసింది. రెండంటే రెండే! ఆ మనిషి 1979, 1982, 1983లలో మూడుసార్లు లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు. 1983లో ఫిలడెల్ఫియాకి ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. అయినా ఈయన్ని నా లిస్టులో పెట్టను. జర్నీమేన్‌గా మొదలై ఆ కులం దాటేసినవాడు. రెండు ఆటలకే పంపేసిన బఫలో యాజమాన్యం తెలివి గురించి మాత్రం ఎంతైనా చెప్పుకోవచ్చు.

నా ఓటు సామ్ కసెల్‌కి.

1993 డ్రాఫ్టులో 24వ వాడు. మొదటి ఏడాదే, 1994 ఫైనల్స్ మూడో ఆటలో, న్యూయార్క్ సొంతగడ్డ మీద, అర నిమిషం మిగిలుండగా మూడు పాయింట్ల షాట్ కొట్టి హ్యూస్టన్‌ని గెలిపించాడు. హ్యూస్టన్ 1994, 1995 రెండేళ్ళూ ఛాంపియన్. 1996లో ఏమైంది? చార్ల్స్ బార్క్‌లీ కోసం ఇతన్నీ, రాబర్ట్ హోరీనీ, ఇంకో ఇద్దర్నీ ఫీనిక్స్‌కి ఇచ్చేశారు. ఆ ఇద్దరిలో ఒకడు మన చకీ బ్రౌన్! నెలలు తిరగకుండా ఫీనిక్స్ డాలస్‌కి ఇచ్చింది. 1997 ఫిబ్రవరిలో డాలస్ తొమ్మిదిమంది చేతులు మారిన ట్రేడులో న్యూజెర్సీకి పంపింది. అతనితోపాటు వెళ్ళినవాళ్ళలో జిమ్ జాక్సన్ ఒకడు. ఒక్క సీజన్లో మూడు జట్లు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పారు.

ఇప్పుడు ఆ తర్వాత చూడండి. మిల్వాకీ వెళ్ళాడు. 2001లో ఆ జట్టు ఫైనల్స్‌కి ఒక్క ఆట దూరంలో ఆగింది. మినెసోటా వెళ్ళాడు. అంతకుముందు వరసగా ఏడేళ్ళు మొదటి రౌండులోనే ఇంటిముఖం పట్టిన ఆ జట్టు 2004లో 58 ఆటలు గెలిచి కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్ళింది. అక్కడ ఇతను గాయపడ్డాడు, జట్టు ఓడింది. మళ్ళీ ఆ జట్టు ప్లేఆఫ్స్ మొహం చూసింది 2018లో. క్లిప్పర్స్‌కి వెళ్ళాడు. బఫలోలో ఉన్న రోజుల తర్వాత, అంటే 1976 తర్వాత, ఆ జట్టు ఒక ప్లేఆఫ్ సిరీస్ గెలవడం 2006లోనే. చివరగా 2008లో బోస్టన్, మూడో ఉంగరం. అక్కడున్న పెద్ద ఆటగాళ్ళలో రే ఆలెన్ మిల్వాకీలో, కెవిన్ గార్నెట్ మినెసోటాలో ఇతనితో ఆడినవాళ్ళే.

ఇదంతా ఒక్కడే చేశాడని నేనడం లేదు. బాస్కెట్‌బాల్‌లో ఐదుగురు ఆడాలి. కానీ ఒకసారైతే అదృష్టం, ఇన్నిసార్లు ఇన్ని ఊళ్ళలో జరిగితే దానికి వేరే పేరు పెట్టాలి. ఆట ఆపాక కోచింగ్‌లోకి వెళ్ళాడు. 2024లో బోస్టన్ ఛాంపియన్ అయినప్పుడు సహాయక కోచ్‌గా ఆ బెంచీ మీదే ఉన్నాడు.

"అంత గొప్పవాడైతే ఎవరో ఒకరు అట్టే పెట్టుకునేవారు కదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆటలో లేదు, పద్దుల పుస్తకంలో ఉంది. ఎన్‌బీఏ జట్ల జీతాలకి పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటిన జట్లు ట్రేడ్ చేసుకునేటప్పుడు ఇటు జీతం, అటు జీతం దాదాపు సరిపోవాలి. పెద్ద నోటు మార్చడానికి చిల్లర కావాలి. మధ్యతరగతి జీతం ఉన్న ఆటగాడు ఆ చిల్లర. అందుకే బార్క్‌లీ కోసం నలుగురు వెళ్ళారు. వాళ్ళని పంపింది ఆట రాక కాదు. వాళ్ళ జీతాల మొత్తం అక్కడ సరిపోయింది.

ఇంకో ఉదాహరణ. జమాల్ క్రాఫర్డ్, మూడుసార్లు ఉత్తమ సిక్స్త్ మ్యాన్ అవార్డు తెచ్చుకున్నవాడు. 2019 ఏప్రిల్లో, 39 ఏళ్ళ వయసులో, ఫీనిక్స్ తరఫున 51 పాయింట్లు కొట్టాడు. నాలుగు వేర్వేరు జట్లకి యాభై దాటించిన మొదటి ఆటగాడు. ఆ వేసవంతా ఫోను మోగలేదు. 2020లో బ్రూక్లిన్‌కి ఒక్క ఆట, అంతే. ప్రతిభ చూసే అందరికీ పనిస్తారు, లేనివాళ్ళే తిరుగుతుంటారు అనుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్కకి జవాబు చెప్పాలి.

చెప్పొచ్చేదేమంటే, మనం లెక్క తప్పు వైపు నుంచి వేస్తున్నాం. ఇష్ స్మిత్‌ని ఎన్ని జట్లు వదిలేశాయి అని లెక్కపెడతాం. ఎన్ని జట్లు పిలిచాయి అని లెక్కపెట్టం. ఏటా 60 మంది దాకా కొత్త కుర్రాళ్ళు వచ్చిపడే లీగ్‌లో, పదమూడు చోట్ల పదమూడుమంది "ఈ పని ఇతను చేయగలడు" అని నమ్మారు. వదిలేసినవాళ్ళే డ్రాఫ్టు హక్కులిచ్చి తిరిగి పిలిచారు. ఒకే చోట ఇరవయ్యేళ్ళు ఉండటం గొప్పే, మయామీలో హాస్లెమ్ ఉన్నట్టు. కానీ అలా ఉండనివ్వడానికి రెండో పక్క కూడా ఒప్పుకోవాలి. నిలకడ అనేది ఒక మనిషి గుణం అనుకుంటాం, సగం అది యాజమాన్యం చేతిలో ఉంటుంది.

మర్నాడు ఆ రెజ్యూమె మళ్ళీ తీసి, ఈసారి నెమ్మదిగా చదివాను. ఏడింటిలో మూడు ప్రాజెక్టు అయిపోగానే ముగిసిన కాంట్రాక్టులు. ఒకటి మూతపడ్డ కంపెనీ. ఇంకోచోట మానేసిన రెండేళ్ళకి వాళ్ళే మళ్ళీ పిలిచారు. ఆ ముక్క రెండో పేజీలో ఉంది. ఇంటర్వ్యూకి పిలిచాం. ఉద్యోగం వస్తుందో లేదో అతని చేతిలో ఉంది, అది వేరే సంగతి.

రెండేళ్ళ క్రితం నేను పక్కన పెట్టిన రెజ్యూమెలో రెండో పేజీ ఉందో లేదో నాకు గుర్తులేదు.