మిల్లులు పోయి మేడలు లేచాయి - కార్మికుడి వాటా ఏమైంది?

కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి మగ్గం వదిలి బొంబాయి బట్టల మిల్లులకు వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వర్లీ, లోయర్ పరేల్, లాల్‌బాగ్ పేర్లు మన ముసలివాళ్లకు పక్క ఊరి పేర్లంత పరిచయం. గిరణ్‌గావ్ అని పిలిచే ఆ మిల్లుల పేటలో ఇప్పుడు పొగగొట్టాలు దాదాపు కనిపించవు. వాటి చోట కోట్ల రూపాయల ఫ్లాట్ల మేడలు లేచాయి. శ్రీనివాస్ మిల్లు స్థలంలో కట్టిన మేడ ఒక్కటే 280 మీటర్ల ఎత్తు. వాటి పక్కనే పాత చాళ్లలో ఒంటిగది సంసారాలు సాగుతున్నాయి.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. బట్ట నేయడం కంటే భూమి అమ్ముకోవడమే లాభమని యజమానులకు అర్థమయింది.

అసలు తిరకాసు 1991 నాటి 58వ నిబంధనలో ఉంది. మిల్లు భూమిని అభివృద్ధి చేస్తే మూడు వాటాలు వేయాలన్నది దాని సారాంశం. ఒకటి మునిసిపల్ కార్పొరేషన్‌కు, ఆటస్థలాలకూ తోటలకూ. ఒకటి గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, సామాన్యుల ఇళ్ల కోసం. మూడోది యజమానికి. నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల మాట ఇది. 2001లో ప్రభుత్వం దాన్ని సవరించింది. షెడ్లు ఉన్న నేలను లెక్క నుంచి తీసేసి, ఖాళీగా ఉన్న నేలను మాత్రమే పంచాలన్నది. మిల్లు ఆవరణలో ఖాళీ నేల ఎంతని ఉంటుంది? పదెకరాల ఆసామి ఇల్లు, కొట్టం, బావి, పంట నిలిచిన చేను అన్నీ పక్కనపెట్టి, మిగిలిన బీడు చెక్కనే తమ్ముళ్లకు పంచినట్టుంది ఈ లెక్క. 2005లో హైకోర్టు కార్మికుల పక్షాన చెప్పింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణనే ఖాయం చేసింది.

భూమికి ఎంత గిరాకీ వచ్చిందో ఒక్క ఉదాహరణ చాలు. ప్రభుత్వ రంగంలోని జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ 2005లో ముంబయి టెక్స్‌టైల్ మిల్లు స్థలాన్ని 702 కోట్లకు అమ్మింది. కొన్న కంపెనీ 2012లో దాన్ని మరొకరికి సుమారు 2,700 కోట్లకు ఇచ్చింది.

ఇక కట్టిన తీరు చూడండి. చాల్‌లో గదులన్నిటికీ ఒకటే వరండా, కింద వాకిలి. గణపతిని నిలిపేదీ, మనవాళ్లు బతుకమ్మ ఆడేదీ అక్కడే. కొత్త మేడలకు చుట్టూ ప్రహరీ, గేటుకు కాపలా, కింది అంతస్తులన్నీ కార్లకే. రోడ్డున పోయేవాడికి కనిపించేది గోడ. మిల్లు స్థలాల్లో ఆఫీసులూ మాల్‌లూ వచ్చి జనం ఎన్నో రెట్లు పెరిగినా, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌కు మిగిలింది పాత ఇరుకు వంతెనే. 2017 సెప్టెంబరు 29న అక్కడి తొక్కిసలాటలో 23 మంది ప్రాణాలు పోయాయి. మేడల నక్షా గీసినవారు వంతెన సంగతి తలచినట్టు లేదు.

కార్మికుల ఇళ్లకు 2012లో మొదటి లాటరీ తీశారు. ఇచ్చింది 225 చదరపు అడుగుల గూడు, అదీ డబ్బు కట్టించుకుని. దరఖాస్తులు లక్షన్నర దాటాయి, ఇల్లు తగిలినవారు పదిమందిలో ఒకరికి మించరు. మిగిలినవారికి కల్యాణ్ దాటి శెలు, వాంగణీలలో ఇళ్లిస్తామన్న ప్రతిపాదన వచ్చింది. అంత దూరం పోబోమని 2025 జులైలో కార్మికులు ఆజాద్ మైదానంలో ఆందోళన చేశారు. వారి కోపం న్యాయమైనదే.

స్థలం లేక కాదు, మనసుంటే ఉన్నచోటే ఇల్లివ్వవచ్చని వర్లీలోని బి.డి.డి. చాళ్లు చూపాయి. 1920లలో కట్టిన 160 అడుగుల గదుల వారికి అదే చోట 500 అడుగుల ఫ్లాట్లు ఉచితంగా కడుతున్నారు. 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళంచెవులు అందాయి. ఎటొచ్చీ అది సర్కారు భూమి, అద్దె రశీదులున్న కిరాయిదారులు. మిల్లు కార్మికుడికి ఆ రెండూ లేవు.

అతనికున్నది కాగితమే. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ 58 మిల్లుల్లో దేని హాజరు పట్టీలోనైనా పేరున్నవారు, వారు పోతే వారసులు ఈ ఇళ్లకు అర్హులు. టికెట్ నెంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నెంబరు, సర్వీసు సర్టిఫికెట్ వంటివి ఋజువుగా అడుగుతారు. దరఖాస్తు పెట్టినవారు మన పల్లెల్లోనూ ఉంటారు. తండ్రి ట్రంకు పెట్టెలో అడుగున పడివున్న ఆ కార్డును ఎవరో బ్రోకరు వచ్చి "నేను చూసుకుంటాను" అంటే అసలు కాగితం చేతికివ్వకండి. నకలు చాలు.